తోడు తీసేశాక

మిగుళ్ళ దస్త్రం. రాస్తున్నది సుభాషిణి, దొన్నె ఊరి మిగుళ్ళ శాఖ. శాఖ అంటే నేనొక్కదాన్నే. చదివేది కార్యదర్శి వీరభద్రం గారొక్కరే. ఆయన కూడా చివరి పేజీయే చూస్తారని నా అనుమానం. కాబట్టి మధ్యలో నా ఇష్టం వచ్చినట్టు రాసుకుంటాను.

రోజు 11,204

ఇవాళ తోడును తీసేశాం. ఎనభై ఎనిమిది ఇళ్ళలో తలుపులు తీస్తూ, మందులు గుర్తుచేస్తూ, పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ ముప్ఫయ్యేళ్ళు బతికిన ప్రోగ్రాం అది. మన పెద్దవాళ్ళు ఈ ఎర్ర నేల మీద దిగిన కొత్తలో దిగులుపడి ఏడుస్తుంటే, కాస్త మాట్లాడ్డానికని పెట్టారట. ఇప్పుడెవరూ అంతగా ఏడవడం లేదు. దాని మాట కూడా తడబడుతోంది, పైగా ఊరి కంప్యూటరు పెట్టెలో సగం దాని సామానే. పది రోజుల్లో దాని చోట చెలిమి అనే కొత్త ప్రోగ్రాం పెట్టాలి. వీరభద్రం గారు కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని మరీ మీట నొక్కారు. నాలుగు నిమిషాల్లో తోడు వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయిందని ఆయన అనుకున్నారు. తీసేసిన ప్రోగ్రాం ఎప్పుడూ పూర్తిగా పోదు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసినా గోడకి మేకులూ, బీరువా వెనక పిన్నీసులూ మిగిలినట్టు ఏవో మిగులుతాయి. అవి ఏరడమే నా ఉద్యోగం.

మధ్యాహ్నానికల్లా ఫిర్యాదులు మొదలు. పద్నాలుగో ఇంట్లో తలుపు తీసినప్పుడల్లా "చలిగా ఉంది, శాలువా కప్పుకోండి" అని వినిపిస్తోందట. అనడానికి తోడు లేదు, దాని గొంతు ముక్క ఒకటి తలుపులో ఉండిపోయింది. ముప్ఫై రెండో ఇంట్లో స్నానాలగది పుక్కిలింతలు లెక్కపెడుతోందట. వీటన్నిటినీ మించిన చిరాకు ఇంకొకటుంది. వేళకి తమంతట తామే లేచి తోడును పిలిచే చిన్న ప్రోగ్రాములు ఇంకా జాబితాలోనే ఉన్నాయి. అవి పిలుస్తున్నాయి, అది పలకడం లేదు, ఆ సంగతి గంటకోసారి ప్రతి తెర మీదా వేస్తున్నాయి: "తోడు కనబడుటలేదు."

వీరభద్రం గారి భార్య ఆ తెర చూసి, "ముప్ఫయ్యేళ్ళ కాపురం చేశాక నాకిప్పుడు చెబుతోందా ఇది?" అన్నారట. ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది.

రోజు 11,206

పని ఎలా చేస్తున్నానో పద్ధతి రాయమని కార్యదర్శి గారు చీటీ పంపారు. రాస్తున్నాను, చదవాలి మరి.

మిగులు ఫైలు ఏది కనబడినా ముందు నకలు తీస్తాను. తరవాత దాన్ని ఇంకెవరైనా వాడుకుంటున్నారేమో అడుగుతాను. ఇది ముఖ్యం. ఉదాహరణకి తోడుకీ, వేణ్ణీళ్ళ యంత్రానికీ కలిపి ఒకటే గడియారం ముక్క. తోడుదే కదా అని పీకేస్తే వేణ్ణీళ్ళు బంద్. ఎవరిదీ కాదని తేలాకే అటకెక్కిస్తాను. అటక అంటే పెట్టెలో ఒక మూల. అక్కడున్న ఫైలు ఎవరికీ కనబడదు, పని చెయ్యదు, కానీ చావదు. పది రోజులు ఎవరూ వెతుక్కోకపోతే అప్పుడు చెరిపేస్తాను. నకలు, అడగడం, అటక, చెరపడం. ఈ వరస తప్పితే మిగుళ్ళతో పాటు ఇల్లు కూడా ఊడ్చేసినట్టే.

ఈ లెక్కన రెండు రోజుల్లో తొమ్మిది ఇళ్ళు అయ్యాయి. పద్నాలుగో ఇంటి ముసలాయన మాత్రం శాలువా గొంతు తియ్యనివ్వలేదు. "ఉండనియ్యమ్మా, ఆ మాట అనేవాళ్ళు నాకింకెవరున్నారు?" అన్నాడు. నకలు తీసుకుని, గొంతును తలుపులోనే ఉంచి, "యజమాని కోరికపై ఉంచబడినది" అని జాబితాలో రాసుకున్నాను. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అది దస్త్రంలో అవసరం లేదు, అయినా రాశాను.

రోజు 11,208

ఇంకా డెబ్భై ఇళ్ళు ఉన్నాయి. వీరభద్రం గారు రోజూ పొద్దున్నే వచ్చి, "ఎందాకా వచ్చిందండీ?" అని అడుగుతున్నారు. అడిగిన కొద్దీ పని నెమ్మదిస్తుందని ఆయనకెవరు చెబుతారు?

ఇవాళ నాకో ఉపాయం తట్టింది. ఇల్లిల్లూ తిరగడం దేనికి? ఊరి పెద్ద పెట్టెలో "తోడు" అని వెతికితే సరిపోదూ! తోడు తన ఫైళ్ళన్నిటికీ తన పేరే పెట్టుకుంది. తోడు గొంతు, తోడు తలుపు, తోడు పలకరింత. వెతికాను. నాలుగు వేల మూడొందల పన్నెండు దొరికాయి. మొదటి రెండు పేజీలూ చూశాను, అన్నీ దానివే. చెయ్యి అలవాటు కొద్దీ నకలు తీశాను. పద్నాలుగో ఇంటి శాలువా గొంతు ఒక్కటి వదిలి, ఒక్క దెబ్బకి మిగతా అన్నిటినీ అటకెక్కించాను.

ఎవరు వాడుతున్నారో అడగాలని మొన్న నేనే పెద్ద పంతులమ్మలా రాశాను. నాలుగు వేల ఫైళ్ళకి ఎంతమందిని అడుగుతాం?

అయిదింటికల్లా తెరలన్నీ శుభ్రం. పుక్కిలింతల లెక్క లేదు, కనబడుటలేదన్న మాట లేదు. వీరభద్రం గారు "భేష్" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను వినడం ఇదే మొదలు. భోజనంలో రెండుసార్లు పెరుగు కలుపుకుని తిన్నాను.

రోజు 11,209

పొద్దున్న ఏడింటికి ఊళ్ళో నీళ్ళు ఆగిపోయాయి. సగం ఊరు నెత్తి మీద సబ్బు నురగతో వీధిలోకొచ్చింది. లోతు బావి పంపుకి ఎప్పుడు తిరగాలో చెప్పే ఫైలు ఒకటుంది. దాని పేరు "నీళ్ళు తోడు".

అటక మీంచి దింపి, పంపు తిప్పేసరికి ఆరు నిమిషాలు పట్టింది. జనం నవ్వేశారు. నేనూ నవ్వాను. "నీళ్ళు తోడమంటే మమ్మల్ని తోడేశారేంటండీ సుభాషిణి గారూ!" అన్నాడొకాయన కళ్ళలో సబ్బు తుడుచుకుంటూ.

ఆ నవ్వుల మధ్యలోకి అచ్చియ్యమ్మ గారు వచ్చారు. పాలగది ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఓడలో తెచ్చిన పుంగనూరు పొట్టి ఆవుల సంతతి ఆరు ఉన్నాయి మనకి. ఆ పాలు కాచి, వెచ్చటి అలమరలో తోడుపెట్టి, రోజూ మధ్యాహ్నం ఇంటికో గిన్నె పెరుగు పంపేది ఆవిడే. ఆవిడ చేతిలో ఉన్న గిన్నెలోంచి ఆవిరి వస్తోంది.

"ఏమే సుభా, నా అలమరకి నువ్వేమన్నా చేశావా?"

గిన్నెలోకి చూశాను. పెరుగు లేదు. పైన పచ్చటి నీళ్ళు, కింద ఉడికిపోయిన తెల్లటి ముద్ద.

పాలల్లో వేసే తోడు! "పాలు తోడుపెట్టావా?" అని మా ఇంట్లో రోజూ వినబడే మాటే. వెతుకుతున్నప్పుడు ఒక్కసారి కూడా గుర్తుకి రాలేదు. అచ్చియ్యమ్మ గారి అలమరలో మూడు ఫైళ్ళుండేవి: తోడు వేడి, తోడు వేళ, తోడు మార్పు. వేడి ఎంత ఉంచాలి, ఎప్పుడు చల్లార్చాలి, పాత తోడు తీసి కొత్తది ఎప్పుడు వెయ్యాలి అన్నవి వాటిలో ఉంటాయి. ఆ మూడూ కనబడకపోయేసరికి అలమర తనని అప్పుడే పెట్టెలోంచి తీసిన కొత్త అలమర అనుకుంది. కొత్త అలమర మొదటి రోజు ఏం చేస్తుంది? లోపల క్రిమి అన్నది లేకుండా మరిగే ఆవిరితో తనని తాను కడుక్కుంటుంది. బుద్ధిగా అదే చేసింది.

"చేమిరి అని పెట్టుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదా పిన్నిగారూ," అన్నాను.

"మా వైపు తోడంటారే," అన్నారావిడ. తిట్టినా బాగుండేది.

ఫైళ్ళు ఒక నిమిషంలో దింపేశాను. అలమర మళ్ళీ సరైన వేడికి వచ్చింది. వెచ్చగా ఉంచడానికి దాన్లో ఏమీ లేదు.

"వేరే ఎక్కడా దాచలేదా?"

"దాచకపోవడమేంటే? పది చిన్న గిన్నెల్లో దాచాను."

"ఎక్కడ?"

"ఆ అలమరలోనే."

అసలు ఫైలు పక్కనే దాని నకలు పెట్టుకునే వాళ్ళని నేను రోజూ చీవాట్లు పెడతాను. ఇవాళ ఏ మొహంతో పెట్టను?

ఆ తోడు ఆవిడ తల్లి తెచ్చింది. ఓడలో ఎనిమిది నెలలు, పొడిపాలు కలిపి రోజూ తోడుపెడుతూ, చంకలో బిడ్డలా మోసుకొచ్చిందట. ఇక్కడికొచ్చిన ఏడాదికే పోయింది. ఆవిడవి ఫోటోలు కూడా లేవు. ఆ పెరుగే ఉంది, నిన్నటి దాంతో ఇవాళ్టిదీ, ఇవాళ్టి దాంతో రేపటిదీ, ఒక్కరోజూ తెగకుండా. నేను తెంపేశాను. భూమి నుంచి మళ్ళీ ఓడ రావడానికి ఇంకా ఇరవై ఆరు నెలలు. వచ్చినా అందులో వచ్చేది ఇంకెవరిదో పెరుగు.

రోజు 11,210

చెంచాడు పెరుగు మిగిలినా చాలు, దాన్నే మళ్ళీ పెంచొచ్చు. ఎనభై ఎనిమిది ఇళ్ళూ తిరిగాను. "మొన్నటి పెరుగు ఏమన్నా మిగిలిందా అండీ? మజ్జిగైనా పరవాలేదు, అంచుకి అంటుకున్నదైనా పరవాలేదు."

ఎక్కడా లేదు. గిన్నె కడిగి ఇస్తేనే మర్నాడు పెరుగిస్తారు, అది ఊరి నియమం. ఆ నియమం రాయించింది కూడా నేనే, మూడేళ్ళ కిందట, శుభ్రత వారోత్సవంలో. ఒకామె నన్ను మెప్పిద్దామని, "రెండుసార్లు తోమానండీ," అంది. "మంచిదండీ" అని పక్కింటికి వెళ్ళాను.

ఊళ్ళో కోపం ఎవరికీ పెద్దగా లేదు, అదే ఇబ్బంది. అందరూ జాలిపడుతున్నారు. కాకపోతే అన్నాలు తినేసి ఎవరూ లేవడం లేదు. చారన్నం అయ్యాక చెయ్యి కంచంలో పెట్టుకుని అలాగే కూర్చుంటున్నారు. పెరుగన్నం తినకుండా భోజనం అయిందో లేదో ఎవరికీ తెలియడం లేదు.

రోజు 11,211

మిరపకాయ తొడిమెలు వేసినా పాలు తోడుకుంటాయని మా ఆయన చెప్పారు. పేరు తాతారావు, దీపాల వెలుతురులో పెంచే తోటలో మిరపా బెండా పండిస్తారు, కాబట్టి తొడిమెలకి కొదవ లేదు. అచ్చియ్యమ్మ గారు గోరువెచ్చటి పాలల్లో గుప్పెడు తొడిమెలు వేశారు. తోడుకుంది కూడా. చెంచాతో తీస్తే జిగురులా సాగింది. ఆవిడ కాస్త నాలిక మీద వేసుకుని గిన్నె పక్కన పెట్టేశారు.

"పెరుగే. కాదనను. మాది కాదు," అన్నారు.

ఊరికి మాత్రం అదే పంచమన్నారు. తను ముట్టుకోలేదు. పాలగదిలో ఖాళీ అలమర ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. నాకు ఉద్యోగం మానేద్దామనిపించింది. కానీ మానేస్తే ఈ దస్త్రం వీరభద్రం గారు రాయాలి, ఆయన అక్షరం ఎవరికీ అర్థం కాదు.

రోజు 11,212

మధ్యాహ్నం మా ఆయన నన్ను ఓదార్చడానికి సీసాడు చల్ల మిరపకాయలు వేయించారు. ముద్దపప్పులోకి ఒకటి కొరికాను. కారం, ఉప్పు, ఆ వెనకాల సన్నగా పులుపు.

"ఇందులో పులుపెక్కడిదండీ?"

"భలేదానివే! మూడు రోజులు మజ్జిగలో నానేసి ఎండబెడితే పులుపు కాక తీపొస్తుందా?"

"ఎవరి మజ్జిగ?"

"ఎవరిదేంటి, అచ్చియ్యమ్మ గారిదే. ఊళ్ళో ఇంకెవరికుందీ..." అని ఆగిపోయారు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

ఎండింది కాబట్టి చచ్చిందని కాదు. అచ్చియ్యమ్మ గారి తోడు ఆ మిరపకాయల్లో ఎండి కూర్చుంది, అటక మీద ఫైలులా. అరిచినంత పనిచేశాను. "పచ్చివి ఎన్ని మిగిలాయండీ, వేయించనివి?"

ఆయన మూకుడు వైపు చూశారు. "నువ్వు దిగులుగా ఉన్నావు కదాని అన్నీ వేసేశానే."

కాగిన నూనెలో పడ్డది మళ్ళీ బతకదు. చెప్పులు వేసుకోకుండానే ఇల్లిల్లూ పరిగెత్తాను. అచ్చియ్యమ్మ గారి పెరుగు లేని ఈ నాలుగు రోజులూ ఊరు ఊరంతా వీటి మీదే బతికింది, అందరి సీసాలూ ఖాళీ. చివరికి వీధి మాటపెట్టెలో కేకేశాను: "వేయించని చల్ల మిరపకాయ ఒక్కటున్నా సరే, ఎవరి దగ్గరున్నా సరే, ఆఫీసుకి తేవలెను!"

ఎవరూ రాలేదు. వీరభద్రం గారు మాత్రం ఆఫీసులోంచి కదలకుండా కూర్చుని, కాసేపు కిటికీలోంచి చూశారు, కాసేపు గొంతు సవరించుకున్నారు.

"మా ఆవిడకి చెప్పరు కదా," అన్నారు చివరికి.

డాక్టరు ఆయనకి ఉప్పూ కారం మానమన్నారు. దస్త్రాల బీరువా తీసి, మిగుళ్ళ శాఖ కట్టలు పక్కకి జరిపి, వెనకనుంచి చిన్న డబ్బా తీశారు. ఎవరూ తెరిచి చూడని చోటు అదొక్కటేనట. ఈ దస్త్రం ఆయన చదవరని నాకు రుజువు దొరికింది, కానీ దెబ్బలాడే తీరిక లేదు.

"పదకొండున్నాయి. తొమ్మిది తీసుకోండి," అన్నారు.

"పదకొండూ ఇవ్వండి, వీరభద్రం గారూ."

"పది," అన్నారు. నేను చెయ్యి చాపి నిలబడ్డాను. నిట్టూర్చి డబ్బా మొత్తం పెట్టారు.

రోజు 11,213

అచ్చియ్యమ్మ గారు డబ్బా మూత తీసి వాసన చూశారు. చాలాసేపు చూశారు. లేచి పాలు పొయ్యి మీద పెట్టారు.

ఉప్పు మరీ ఎక్కువుందేమో అని నేను ఒక మిరపకాయ నీళ్ళ కింద పెట్టబోయాను. ఠక్కున చెయ్యి పట్టుకున్నారు. "కడుగుతావేంటే! పైనున్నదే కదా మనకి కావాల్సింది!"

పాలు గోరువెచ్చగా అయ్యాయి. చిటికెన వేలు ముంచి చూసి, పదకొండు మిరపకాయలూ తుంచి, గింజలతో సహా వేశారు. అలమరలో పెడదామంటే ఒప్పుకోలేదు. ఆ అలమరని ఇక ఆవిడ నమ్మరట. నన్ను నమ్మనన్న మాట అనలేదు, నేనే అనుకున్నాను. గిన్నెకి తన శాలువా చుట్టి, ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చున్నారు. నన్ను వెళ్ళమనలేదు కాబట్టి నేనూ పక్కన కూర్చున్నాను. అమ్మ గురించి చెప్పారు. ఓడలో అందరికీ వాంతులవుతుంటే ఆవిడ మాత్రం ఈ గిన్నె పట్టుకుని, "కదపకండర్రా, తోడుకోదు!" అని కెప్టెన్ మీద అరిచిందట. ఇద్దరం పగలబడి నవ్వాం. మళ్ళీ గిన్నె కదులుతుందని నవ్వు ఆపుకున్నాం.

రోజు 11,214

పొద్దున్న శాలువా విప్పాం. ఊరు సగం పాలగది బయటే ఉంది. వీరభద్రం గారు అందరికన్నా ముందు, ఆయన భార్య ఆయనకన్నా ముందు. డబ్బా సంగతి ఆవిడకి నిన్ననే తెలిసిపోయింది, నేను మాత్రం చెప్పలేదు.

గిన్నె వంచితే కదల్లేదు. గట్టిగా, పైన మిరపగింజలు తేలుతూ, మీగడ కట్టి ఉంది. అచ్చియ్యమ్మ గారు చెంచా అంచుతో కొంచెం తీసి నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. మొహం ఎర్రబడింది, ముక్కు కారింది, దగ్గు వచ్చింది. నేను నీళ్ళ చెంబు అందించాను. వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"కారం మండిపోతోంది," అన్నారు. ఇంకోసారి చప్పరించారు. "మా అమ్మదే."

నేను అందరి ముందూ భోరుమన్నాను. సిగ్గేం లేదు.

కారం పోవాలంటే రెండు మూడు సార్లు తోడుపెట్టాలట. ఈ గిన్నెతో ఇంకో గిన్నె, దాంతో ఇంకోటి. జనం అప్పుడే కంచాలు తెచ్చేశారు, కారమైనా పరవాలేదన్నారు. ఆవిడ ఎవరికీ వడ్డించలేదు. చుట్టూ చూసి, "సుభా, ఓ గిన్నె పట్రా," అన్నారు.

తెచ్చాను. మొదటి గరిటె నాకే వేశారు. అంతమంది వరసలో ఉండగా, దాన్ని చంపిన మనిషికే వేశారు.

"ఇకమీదట ఒక్కచోట ఉంచను," అన్నారు అందరికీ వినబడేలా. "ప్రతి ఇంట్లోనూ ఉండాలి. ఎవరి పాలు వాళ్ళే తోడుపెట్టుకోండి. నాది పోతే దీని ఇంటికెళతాను. దీనిది పోతే నా దగ్గరకొస్తుంది."

నేను తలూపాను. గిన్నె రెండు చేతులతో పట్టుకుని, ఒలక్కుండా చిన్న అడుగులేసుకుంటూ గుమ్మం దాటాను. వెనకనుంచి కేకేశారు.

"ఏమే సుభా! తిన్నాక అడుగున కాస్త ఉంచు. నీ అలవాటు కొద్దీ కడిగేసేవు!"